యూనిట్ – 9: ఫ్యాక్టరీ పునర్నిర్మిత రోటరీ ఇంజన్ – కొనుగోలు, మార్పులు

విషయక్రమం
9.0 ఉద్దేశాలు
9.1 పరిచయం
9.2 రోటరీ ఇంజన్ – నిర్మాణం, పనితీరు
9.3 ఫ్యాక్టరీ పునర్నిర్మాణం
9.4 పాత ఇంజన్ పరీక్ష
9.5 కొనుగోలు – పరిశీలించవలసిన అంశాలు
9.6 అమరిక, తొలి పరుగు
9.7 మార్పులు
9.8 చట్టపరమైన పరిమితులు
9.9 సారాంశం
9.10 కీలక పదాలు
9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు
9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
- పిస్టన్ ఇంజన్ మరమ్మతుకు, రోటరీ ఇంజన్ పునర్నిర్మాణానికి గల తేడాను వివరించగలుగుతారు.
- కంప్రెషన్ పరీక్ష ఫలితాన్ని చదివి, ఏ సీలు దెబ్బతిన్నదో ఊహించగలుగుతారు.
- పునర్నిర్మిత ఇంజన్ కొనేటప్పుడు అసలు ఖర్చును లెక్కించగలుగుతారు.
- మార్పులను ఏ క్రమంలో చేయాలో, ఏవి చేయకూడదో కారణాలతో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

లారీ ఇంజన్ బాగా అరిగి పొగ వదులుతూ, ఆయిలు తాగుతూ ఉంటే మెకానిక్ 'బోరుకు వచ్చింది' అంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, మరే పట్టణంలోని షెడ్డులో గానీ ఇంజన్ దించి, సిలిండర్లకు బోరు కొట్టించి, కాస్త పెద్ద సైజు పిస్టన్లు, రింగులు వేసి మళ్లీ ఎక్కిస్తారు. లేదా కొత్త లైనర్లు వేస్తారు. ఈ పద్ధతి మనకు బాగా పరిచయమైనదే.

రోటరీ ఇంజన్‌కు ఈ పద్ధతి పనికిరాదు. దానిలో సిలిండరు లేదు, పిస్టను లేదు, బోరు కొట్టే అవకాశమూ లేదు. అందువల్ల రోటరీ ఇంజన్ ఉన్న కార్ల యజమానులు, ముఖ్యంగా అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా వంటి దేశాలవారు, అరిగిన ఇంజన్‌ను తిరిగి ఇచ్చి కర్మాగారంలో పునర్నిర్మించిన ఇంజన్‌ను తెచ్చుకునే మార్గాన్ని తరచు ఎంచుకున్నారు.

ఈ ఇంజన్‌ను జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ ఎన్.ఎస్.యు. సంస్థతో కలిసి రూపొందించాడు. తొలి నమూనా 1957లో నడిచింది. జపాన్‌లోని హిరోషిమా కేంద్రంగా ఉన్న మాజ్డా (అప్పటి పేరు టోయో కోగ్యో) 1961లో లైసెన్సు పొంది, 1967లో కాస్మో స్పోర్ట్ కారును విడుదల చేసింది. తరవాత వచ్చిన వాటిలో ఆర్ఎక్స్-7 (1978–2002), ఆర్ఎక్స్-8 (2003–2012) ప్రసిద్ధమైనవి. మన దేశంలో మాజ్డా పేరు 'స్వరాజ్ మాజ్డా' లారీల ద్వారానే ఎక్కువమందికి తెలుసు. వాటిలో ఉన్నది డీజిల్ పిస్టన్ ఇంజనే. కాబట్టి రోటరీ ఇంజన్‌ను మీరు చూసి ఉండకపోవచ్చు. అయినా పాత వస్తువును ఇచ్చి, పునర్నిర్మించిన వస్తువును కొనే ఈ పద్ధతిలోని సూత్రాలు టర్బో ఛార్జరుకూ, స్టార్టర్ మోటారుకూ, గేర్‌బాక్స్‌కూ వర్తిస్తాయి.

ఈ యూనిట్‌లో ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. కొత్తగా తెచ్చిన ఇంజన్, పాత ఇంజన్ చెడిపోవడానికి గల కారణాన్ని నయం చేయదు. ఆ కారణం చాలా సందర్భాల్లో కారులోనే మిగిలి ఉంటుంది.

9.2 రోటరీ ఇంజన్ – నిర్మాణం, పనితీరు

9.2.1 ముఖ్య భాగాలు

నడుము దగ్గర కాస్త నొక్కినట్లుండే అండాకారపు గదిలో, ఉబ్బిన భుజాలు గల త్రిభుజాకార రోటరు తిరుగుతుంది. ఈ గది ఆకృతిని ఎపిట్రోకాయిడ్ అంటారు. రోటరు మూడు కొనలూ గది గోడను ఎప్పుడూ ఆనుకొని ఉంటాయి. కాబట్టి రోటరు మూడు ముఖాలకూ గోడకూ మధ్య మూడు అరలు ఏర్పడి, తిరుగుతున్నకొద్దీ పెద్దవవుతూ, చిన్నవవుతూ ఉంటాయి. పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం అనే నాలుగు దశలూ ఈ విధంగానే జరుగుతాయి.

ముఖ్య భాగాలు ఇవి:

(అ) రోటరు హౌసింగు: అల్యూమినియంతో చేసిన గది. లోపలి గోడకు ఉక్కు పొర, దానిపై క్రోమియం పూత ఉంటాయి.

(ఆ) సైడ్ హౌసింగులు: గదిని రెండు పక్కలా మూసే పోత ఇనుప పలకలు. రెండు రోటర్ల ఇంజన్‌లో ముందు, మధ్య, వెనక అని మూడు ఉంటాయి.

(ఇ) ఎక్సెంట్రిక్ షాఫ్టు: పిస్టన్ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు చేసే పనిని ఇది చేస్తుంది. షాఫ్టు మూడు చుట్లు తిరిగేటప్పటికి రోటరు ఒక్క చుట్టు తిరుగుతుంది. షాఫ్టు 9000 చుట్ల వేగంలో ఉన్నపుడు రోటరు వేగం నిమిషానికి 3000 చుట్లు మాత్రమే.

(ఈ) సీళ్లు: ఒక్కో రోటరుకు కొనల వద్ద 3 అపెక్స్ సీళ్లు, పక్కలకు 6 సైడ్ సీళ్లు, మూలల్లో 6 కార్నర్ సీళ్లు ఉంటాయి. ఇవి కాక ఆయిల్ రింగులు, హౌసింగుల మధ్య నీరు కారకుండా ఆపే రబ్బరు సీళ్లు ఉంటాయి.

హౌసింగులన్నింటినీ వరసగా పేర్చి, ముందు నుంచి వెనక వరకు పొడవాటి బోల్టులతో బిగిస్తారు. అంటే ఇంజన్ లోపల ఒక్క సీలును మార్చాలన్నా మొత్తం విప్పక తప్పదు.

9.2.2 ఘనపరిమాణం లెక్క

ఒక అర ఘనపరిమాణాన్ని ఈ సూత్రంతో కనుక్కోవచ్చు:

ఘనపరిమాణం = 3 × √3 × ఉత్కేంద్రత × జనక వ్యాసార్ధం × రోటరు వెడల్పు

ఇక్కడ ఉత్కేంద్రత అంటే షాఫ్టు కేంద్రం నుంచి రోటరు కేంద్రానికి గల దూరం. జనక వ్యాసార్ధం అంటే రోటరు కేంద్రం నుంచి కొనకు గల దూరం. మాజ్డా 13బి ఇంజన్‌లో ఈ కొలతలు వరసగా 1.5, 10.5, 8.0 సెంటీమీటర్లు.

3 × 1.732 × 1.5 × 10.5 × 8.0 = 654.7

అంటే దాదాపు 654 సీసీ. రెండు రోటర్లకు కలిపి 1308 సీసీ. ఆర్ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజన్ కూడా ఈ కొలతలదే.

9.2.3 ఎక్కడ అరుగుతుంది?

పిస్టన్ ఇంజన్‌లో ఒకే సిలిండరులోకి చల్లటి గాలీ వస్తుంది, మంటా పుడుతుంది. రోటరీలో అలా కాదు. హౌసింగులో ఒక వైపు ఎప్పుడూ గాలి పీల్చే పని, మరో వైపు ఎప్పుడూ మండే పని జరుగుతాయి. కాబట్టి ఒక వైపు చల్లగా, మరో వైపు వేడిగా ఉండి, లోహం అసమానంగా వ్యాకోచిస్తుంది. ఇంజన్ ఒక్కసారి తీవ్రంగా వేడెక్కినా నీటి సీళ్లు దెబ్బతినే ప్రమాదం ఇందువల్లనే.

అపెక్స్ సీళ్లు గోడపై జారుతూ తిరుగుతాయి. వాటికి జిడ్డు అందించేందుకు ఒక చిన్న పంపు కొద్దికొద్దిగా ఆయిలును లోపలికి పంపుతుంది. ఆ ఆయిలు ఇంధనంతోపాటు కాలిపోతుంది. అంటే ఆయిలు కొంత తగ్గుతూ ఉండటం ఈ ఇంజన్‌లో లోపం కాదు, ఏర్పాటు. ఈ సంగతి తెలియక ఆయిలు మట్టం చూడకుండా నడిపితే సీళ్లు త్వరగా అరుగుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. మాజ్డా 12ఎ ఇంజన్‌లో రోటరు వెడల్పు 7.0 సెం.మీ.; మిగతా రెండు కొలతలూ 13బి లాంటివే. ఒక అర ఘనపరిమాణం ఎంత?
2. రోటరీ ఇంజన్‌లో ఆయిలు తగ్గడం ఎందుకు సహజం?

9.3 ఫ్యాక్టరీ పునర్నిర్మాణం

అరిగిన ఇంజన్ స్థానంలో మరొకటి తెచ్చుకోవడానికి యజమానికి సాధారణంగా మూడు దారులు ఉంటాయి.

(అ) సెకండ్ హ్యాండ్ ఇంజన్: ప్రమాదంలో దెబ్బతిన్న లేదా తుక్కుకు వెళ్లిన కారు నుంచి తీసినది. లోపలి స్థితి విక్రేతకు కూడా తెలియకపోవచ్చు.

(ఆ) షాపులో తిరిగి కట్టిన ఇంజన్: నిపుణుడైన మెకానిక్ మీ ఇంజన్‌నే విప్పి, అవసరమైన భాగాలు మార్చి, తిరిగి బిగిస్తాడు. నాణ్యత ఆ మెకానిక్ అనుభవంపై, అతను తిరిగి వాడిన భాగాలపై ఆధారపడుతుంది.

(ఇ) ఫ్యాక్టరీ పునర్నిర్మిత ఇంజన్: తయారీదారు లేదా అతని తరఫున పనిచేసే కర్మాగారం పాత ఇంజన్లను సేకరించి, విప్పి, శుభ్రం చేసి, ప్రతి భాగాన్నీ కొలిచి, పరిమితుల్లో ఉన్నవాటిని ఉంచి, లేనివాటిని తీసివేసి, కొత్త సీళ్లతో కట్టినది. దీనికి గ్యారంటీ కాగితం ఉంటుంది.

ఇక్కడ బోరు కొట్టడంతో పోలిక ఎందుకు కుదరదో చూద్దాం. సిలిండరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దాన్ని కొద్దిగా పెంచి, పెద్ద పిస్టన్ వేయవచ్చు. ఎపిట్రోకాయిడ్ గోడను అలా పెంచితే రోటరు కొనలకు, గోడకు మధ్య ఉండవలసిన జ్యామితి చెడిపోతుంది. పైగా గోడపై ఉన్న క్రోమియం పూత పోతుంది. 'ఓవర్ సైజు' రోటర్లు అంటూ మార్కెట్లో లేవు. కాబట్టి పూత లేచిపోయిన లేదా గాడి పడిన రోటరు హౌసింగును సాధారణంగా మార్చవలసిందే. పోత ఇనుప సైడ్ హౌసింగులపై పడిన స్వల్పమైన అరుగుదలను మాత్రం సానపట్టి చదును చేయవచ్చు.

దీనినిబట్టి ఒక ముఖ్య విషయం అర్థమవుతుంది. రెండు పునర్నిర్మిత ఇంజన్లు బయటకు ఒకేలా కనిపించినా లోపల ఒకటి కాకపోవచ్చు. ఒకదానిలో హౌసింగులు కొత్తవి కావచ్చు. మరొకదానిలో పాతవే పరిమితిలో ఉన్నాయని తిరిగి వాడి ఉండవచ్చు. 'పరిమితిలో ఉంది' అంటే 'కొత్తగా ఉంది' అని అర్థం కాదు. ఉదాహరణకు, 13బి ఇంజన్‌లో ఎక్సెంట్రిక్ షాఫ్టు ముందుకు వెనక్కు కదిలే ఖాళీ 0.04–0.07 మి.మీ. ఉండాలి. అనుమతించే గరిష్ఠ పరిమితి 0.09 మి.మీ. 0.085 ఉన్న ఇంజన్ పరీక్షలో నెగ్గుతుంది గాని, దాని దగ్గర మిగిలిన ఆయుష్షు 0.05 ఉన్న దానికంటే తక్కువ.

9.4 పాత ఇంజన్ పరీక్ష

కొత్త ఇంజన్ కొనాలనే నిర్ణయానికి ముందు, పాతది నిజంగా చెడిపోయిందా అని నిర్ధారించుకోవాలి. స్టార్టర్ నెమ్మదిగా తిరగడం, బ్యాటరీ బలహీనత, ఇగ్నిషన్ కాయిళ్ల లోపం వంటివి కూడా ఇంజన్ పోయినట్లే కనిపించేలా చేస్తాయి.

9.4.1 కంప్రెషన్ పరీక్ష

పిస్టన్ ఇంజన్లకు వాడే మామూలు గేజీ ఇక్కడ సరిపోదు. అది మూడు అరల్లో అత్యధికమైన ఒత్తిడిని ఒక్కటే చూపిస్తుంది. ఒక అర బాగుండి రెండు అరలు పాడైనా 'బాగుంది' అనే చెబుతుంది. మూడు అరలనూ విడివిడిగా నమోదు చేసే రోటరీ టెస్టరు కావాలి.

ఇంజన్‌ను వేడిచేసి, ఇంధనాన్నీ స్పార్కునూ ఆపి, థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి, స్టార్టరుతో తిప్పి చూస్తారు. ఆర్ఎక్స్-8 ఇంజన్‌కు 250 చుట్ల వేగం వద్ద ఉండవలసిన విలువలు ఇవి:

ప్రామాణిక ఒత్తిడి: 8.5 కి.గ్రా./చ.సెం.మీ.
కనిష్ఠ పరిమితి: 6.9
ఒకే రోటరులోని అరల మధ్య గరిష్ఠ తేడా: 1.5
రెండు రోటర్ల మధ్య గరిష్ఠ తేడా: 1.0

స్టార్టరు ఇంతకంటే నెమ్మదిగా తిరిగితే ఒత్తిడి తక్కువగా నమోదవుతుంది. కాబట్టి ఒత్తిడితోపాటు తిరిగిన వేగాన్ని కూడా రాసుకొని, 250 చుట్లకు సరిచేసి పోల్చాలి. వేగం చెప్పని ఫలితానికి విలువ లేదు.

9.4.2 ఫలితాన్ని చదవడం

ఒక కారులో ఈ విలువలు వచ్చాయని అనుకుందాం (250 చుట్లకు సరిచేసినవి):

ముందు రోటరు: 7.9, 7.7, 7.8
వెనక రోటరు: 7.6, 5.7, 5.8

ముందు రోటరు సరిగా ఉంది. వెనక రోటరులో రెండు అరలు 6.9 కంటే దిగువన ఉన్నాయి. అరల మధ్య తేడా 1.9, అంటే 1.5 పరిమితిని దాటింది. ఇప్పుడు ఆలోచించండి: అపెక్స్ సీలు ఒక్కటే అయినా, అది రెండు పక్క అరలను వేరుచేస్తుంది. ఆ సీలు దెబ్బతింటే రెండు అరల్లోనూ ఒత్తిడి పడిపోతుంది. కాబట్టి ఇక్కడ అనుమానం అపెక్స్ సీలుపై.

ఒకే ఒక అర తక్కువగా ఉంటే ఆ ముఖానికి చెందిన సైడ్ సీలును లేదా కార్నర్ సీలును అనుమానించాలి. మూడు అరలూ సమానంగా తగ్గితే సాధారణ అరుగుదల గాని, మసి పేరుకొని సీళ్లు బిగుసుకుపోవడం గాని కారణం కావచ్చు.

9.4.3 మూలకారణం

సీలు పోయిందని తెలిస్తే సగం సమాధానమే దొరికినట్లు. 'సీలు ఎందుకు పోయింది?' అన్నది మిగతా సగం. సాధారణంగా కనిపించే కారణాలు ఇవి:

- కాయిళ్లు బలహీనమై సరిగా మండకపోవడం. కాలని ఇంధనం క్యాటలిటిక్ కన్వర్టరులోకి చేరి అది వేడెక్కి మూసుకుపోవడం. పొగ బయటకు పోలేక వేడి ఇంజన్‌లో నిలవడం.
- రేడియేటరు, గొట్టాల లోపం వల్ల ఇంజన్ వేడెక్కడం.
- ఆయిలు మట్టం తగ్గడం, ఆయిల్ పంపు లేదా దాని నాజిళ్లు సరిగా పనిచేయకపోవడం.
- టర్బో ఇంజన్లలో ఇంధనం చాలక నాకింగ్ ఏర్పడి అపెక్స్ సీలు విరగడం.

వీటిలో ఒక్కటి కూడా ఇంజన్ లోపలి భాగం కాదని గమనించండి. పాత ఇంజన్‌ను దించినా ఇవన్నీ కారులోనే ఉంటాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. ఒక రోటరులో 7.8, 7.7, 5.9 అనే విలువలు వచ్చాయి. ఏ సీళ్లను అనుమానించాలి?
4. మామూలు కంప్రెషన్ గేజీ రోటరీ ఇంజన్‌కు ఎందుకు పనికిరాదు?

9.5 కొనుగోలు – పరిశీలించవలసిన అంశాలు

9.5.1 గ్యారంటీ మిగిలి ఉందా?

కొనే ముందు, తయారీదారు ఖర్చు భరించే అవకాశం ఉందేమో చూడాలి. అమెరికాలో 2004–2008 నమూనాల ఆర్ఎక్స్-8 కార్లకు మాజ్డా ఇంజన్ కోర్ గ్యారంటీని 8 సంవత్సరాలు లేదా 1,00,000 మైళ్లకు పొడిగించింది. ఆ కాలంలో కంప్రెషన్ పరీక్షలో తప్పిన ఎన్నో ఇంజన్ల స్థానంలో పునర్నిర్మిత ఇంజన్లు అమర్చారు. ఆ గడువు ఇప్పుడు ముగిసింది. అయినా ఇందులోని పాఠం మారదు: పరీక్ష ఫలితం రాతపూర్వకంగా ఉన్నవారికే హక్కు నిలుస్తుంది.

9.5.2 సరైన రకం

ఒకే పేరుతో ఉన్న ఇంజన్లన్నీ ఒకటి కావు. ఆర్ఎక్స్-8లో నాలుగు ఇన్‌టేక్ పోర్టుల రకం, ఆరు పోర్టుల రకం అని రెండున్నాయి. తొలి ఆటోమేటిక్ కార్లలో నాలుగు పోర్టులవి, మాన్యువల్ కార్లలో ఆరు పోర్టులవి వచ్చాయి. 2009 నమూనాలో ఆయిల్ సరఫరా ఏర్పాటును మార్చి, ఒక్కో రోటరుకు ఆయిల్ నాజిళ్లను రెండు నుంచి మూడుకు పెంచారు. కాబట్టి సంవత్సరం, గేర్‌బాక్స్ రకం, ఇంజన్ నంబరు చెప్పి సరిపోల్చుకోవాలి.

బ్యాలెన్సు బరువులు కూడా ముఖ్యమే. రోటర్ల బరువుకు తగిన ప్రతిబరువులే షాఫ్టుకు ఉండాలి. మాన్యువల్ కారులో వెనక ప్రతిబరువు ఫ్లైవీలులోనే కలిసి ఉంటుంది. తేలికపాటి ఫ్లైవీలు వేస్తే, ఆ రోటర్లకు సరిపోయే ప్రతిబరువును విడిగా అమర్చాలి. ఇక్కడ పొరపాటు జరిగితే కంపనాలు బేరింగులను తినేస్తాయి.

9.5.3 కోర్ డిపాజిట్

పునర్నిర్మిత ఇంజన్ కొనేటప్పుడు ధరతోపాటు కొంత డిపాజిట్ కట్టించుకుంటారు. పాత ఇంజన్‌ను అప్పగిస్తే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. ఈ పాత ఇంజన్‌నే 'కోర్' అంటారు. సోడా సీసాకు డిపాజిట్ కట్టి, ఖాళీ సీసా ఇచ్చి తీసుకోవడం వంటిదే ఇది. అయితే సీసా పగిలితే డబ్బు రానట్లే, హౌసింగు పగిలిన ఇంజన్‌కూ, భాగాలు తీసేసిన ఇంజన్‌కూ డిపాజిట్ పూర్తిగా రాకపోవచ్చు. ఏ స్థితిలో ఉంటే తీసుకుంటారో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఆసక్తితో పాత ఇంజన్‌ను విప్పి చూసేవారు ఈ విషయంలోనే నష్టపోతారు. మూలకారణం తెలుసుకోవాలంటే విప్పకుండానే స్పార్క్ ప్లగ్గులు, ఆయిలు, కూలెంటు, కన్వర్టరు పరిశీలించాలి.

9.5.4 అసలు ఖర్చు లెక్క

ఈ కింది అంకెలు నిజమైన ధరలు కావు. లెక్క పద్ధతి అర్థం కావడానికి ఇంజన్ ధరను 100 పాళ్లుగా తీసుకున్నాం.

ఇంజన్ ధర – 100
కోర్ డిపాజిట్ – 30
దించి ఎక్కించే కూలి – 35
మూలకారణాన్ని సరిచేసే భాగాలు (కాయిళ్లు, ప్లగ్గులు, గొట్టాలు, రేడియేటరు, కన్వర్టరు మొదలైనవి) – 40

కోర్‌ను అంగీకరిస్తే మొత్తం 175. తిరస్కరిస్తే 205. ఇంజన్ ధర 100 అని విని బయలుదేరిన వ్యక్తి దాదాపు రెట్టింపు సిద్ధం చేసుకోవాలన్నమాట.

ఇప్పుడు ఆ 40ని మిగుల్చుకుందామని యజమాని అనుకున్నాడనుకోండి. పాత కాయిళ్లు, మూసుకుపోయిన కన్వర్టరు అలాగే ఉంచాడు. కొన్ని నెలల్లో రెండో ఇంజన్ కూడా పోయింది. కారణం ఇంజన్‌ది కాదని తేలితే గ్యారంటీ వర్తించదు. అప్పుడు మళ్లీ 100 + 35 = 135 పెట్టాలి, ఆ 40 కూడా పెట్టాలి. నలభై పొదుపు కోసం నూట ముప్ఫై అయిదును పణంగా పెట్టినట్లయింది.

9.6 అమరిక, తొలి పరుగు

అమరికలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఆయిల్ కూలరు. పాత ఇంజన్‌లో అరిగిన లోహపు రజను కూలరులో, దాని గొట్టాల్లో నిలిచి ఉంటుంది. శుభ్రం చేయకుండా కొత్త ఇంజన్‌కు కలిపితే ఆ రజను నేరుగా కొత్త బేరింగుల్లోకి వెళుతుంది. పూర్తిగా కడగలేని కూలరును మార్చడమే మంచిది. టర్బో కారులో అపెక్స్ సీలు విరిగి ఉంటే, ఆ ముక్కలు ఎగ్జాస్ట్ గుండా పోతూ టర్బో రెక్కలను దెబ్బతీసి ఉండవచ్చు. దాన్ని కూడా విప్పి చూడాలి.

స్టార్టు చేసే ముందు స్పార్కు, ఇంధనం ఆపి, ఆయిల్ ప్రెషరు వచ్చే వరకు స్టార్టరుతో తిప్పాలి. తొలి దశలో ఇంజన్‌ను ఒకే వేగంలో గంటల తరబడి నడపకుండా వేగాన్ని మారుస్తూ నడపాలి. పూర్తిగా వేడెక్కక ముందు ఎక్కువ చుట్లకు తీసుకుపోకూడదు. ఎన్ని కిలోమీటర్లు అలా నడపాలి, ఎప్పుడు ఆయిలు మార్చాలి అన్నది గ్యారంటీ పత్రంలో రాసి ఉన్న ప్రకారమే పాటించాలి. రసీదులు దాచుకోవాలి. ఈ దశ ముగిశాక మరోసారి కంప్రెషన్ పరీక్ష చేయించి నమోదు చేసుకుంటే, ముందు ముందు పోల్చి చూసుకోవడానికి అది ఆధారమవుతుంది.

9.7 మార్పులు

ఇంజన్ శక్తిని పెంచడానికి చేసే ఏర్పాట్లను మార్పులు అంటున్నాం. వీటిని మూడు మెట్లుగా విభజించవచ్చు. కింది మెట్టు ఎక్కకుండా పై మెట్టుకు పోకూడదు.

9.7.1 మొదటి మెట్టు – మన్నిక కోసం మార్పులు

మెరుగైన రేడియేటరు, బలమైన కాయిళ్లు, నమ్మదగిన ఉష్ణోగ్రత మీటరు, ఆయిల్ ప్రెషర్ మీటరు ఈ మెట్టుకు చెందినవి. కారులో కంపెనీ ఇచ్చిన ఉష్ణోగ్రత ముల్లు చాలా సందర్భాల్లో ఇంజన్ బాగా వేడెక్కిన తరవాతే కదులుతుంది. కొందరు యజమానులు అపెక్స్ సీళ్లకు అదనపు జిడ్డు కోసం పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిలును కొద్ది పాళ్లలో కలుపుతారు. ఇవేవీ శక్తిని పెంచవు గాని, పెట్టిన పెట్టుబడిని కాపాడతాయి.

9.7.2 రెండో మెట్టు – విప్పనవసరం లేని మార్పులు

గాలి పీల్చే మార్గం, ఎగ్జాస్ట్, ఇంజన్ కంప్యూటరు సర్దుబాటు ఇందులోకి వస్తాయి. ఒకదాన్ని మార్చితే మరొకటి కదులుతుందని గుర్తుంచుకోవాలి. టర్బో ఉన్న ఆర్ఎక్స్-7లో ఎగ్జాస్ట్‌ను బాగా తెరిస్తే, అదనపు పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేటు సరిపోక బూస్టు ఒత్తిడి అనుకున్నదానికంటే పెరుగుతుంది. గాలి పెరిగి ఇంధనం పెరగకపోతే నాకింగ్ వస్తుంది. నాకింగ్ వస్తే అపెక్స్ సీలు విరుగుతుంది. ఒక గొట్టం మార్చినందుకు ఇంజన్ పోయిందని చెప్పుకునే ఉదంతాల వెనక ఉన్న వరస ఇదే. అందువల్ల ఎగ్జాస్టుతోపాటు ఇంధన సరఫరానూ, కంప్యూటరునూ సరిచేయాలి.

రెనెసిస్ ఇంజన్‌కు టర్బో అమర్చాలనుకునేవారు మరో విషయం గమనించాలి. 1990ల నాటి టర్బో 13బి ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 9.0 కాగా, రెనెసిస్‌ది 10.0. నిష్పత్తి ఎక్కువైనకొద్దీ బూస్టుకు నాకింగ్ ముప్పు పెరుగుతుంది. కాబట్టి పరిమితి చాలా త్వరగా వస్తుంది.

9.7.3 మూడో మెట్టు – విప్పి చేసే మార్పులు

పోర్టింగ్ ఇందులో ముఖ్యమైనది. రోటరీ ఇంజన్‌కు వాల్వులు లేవు. గోడలోని రంధ్రాలను (పోర్టులను) రోటరే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అంటే రంధ్రం ఆకారమే వాల్వు టైమింగ్. దాన్ని పెంచడం పిస్టన్ ఇంజన్‌లో క్యామ్ షాఫ్టు మార్చడంతో సమానం.

స్ట్రీట్ పోర్టు: ఉన్న ఇన్‌టేక్ రంధ్రాన్నే కొంత పెంచడం. రోజూ నడిపే కారుకు కూడా సహించదగినది.

బ్రిడ్జి పోర్టు: అసలు రంధ్రం పక్కన సన్నని ఇనుప వంతెనను వదిలి మరో చీలిక కోయడం. ఎక్కువ చుట్ల వద్ద శక్తి పెరుగుతుంది. ఐడిలింగ్ గరుకవుతుంది, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది.

పెరిఫెరల్ పోర్టు: రోటరు హౌసింగు గోడలోంచే గాలిని ఇవ్వడం. ఇది పందెం కార్లకు తగినది. 1991లో ల మాన్ 24 గంటల పందెంలో గెలిచిన మాజ్డా 787బి ఇంజన్ ఈ కోవకు చెందినదే.

ఇక అసలు ప్రశ్న: పునర్నిర్మిత ఇంజన్‌ను తెచ్చి, విప్పి, పోర్టింగ్ చేయించడం తెలివైన పనేనా? సాధారణంగా కాదు. విప్పిన క్షణంలోనే గ్యారంటీ పోతుంది. కర్మాగారంలో కట్టినందుకు చెల్లించిన కూలి వృథా అవుతుంది. నీటి సీళ్లు మళ్లీ కొత్తవి వేయాలి. పోర్టింగ్ కావాలని ముందే నిశ్చయించుకున్నవారు పాత ఇంజన్‌నే నిపుణుడి దగ్గర కొత్త హౌసింగులతో కట్టించుకోవడం మేలు. అప్పుడు కోర్ డిపాజిట్ సమస్య కూడా ఉండదు.

సీళ్ల ఎంపికలోనూ లాభనష్టాలు ఉన్నాయి. కంపెనీ సీళ్లు గోడను తక్కువగా అరగదీస్తాయి గాని నాకింగ్‌కు విరుగుతాయి. సులభంగా విరగవని అమ్మే కొన్ని సీళ్లు వంగినా నిలుస్తాయి గాని, గోడను ఎక్కువగా అరగదీయవచ్చు. బోరు కొట్టలేని ఇంజన్‌లో గోడ విలువ ఎంతో 9.3లో చూశాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
5. రోటరీ ఇంజన్‌లో పోర్టింగ్‌ను క్యామ్ షాఫ్టు మార్పుతో ఎందుకు పోల్చాం?
6. పునర్నిర్మిత ఇంజన్‌ను విప్పి పోర్టింగ్ చేయించడం వల్ల కలిగే రెండు నష్టాలు రాయండి.

9.8 చట్టపరమైన పరిమితులు

అమెరికాలో కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించడం, పనిచేయకుండా చేయడం 'క్లీన్ ఎయిర్ యాక్ట్' ప్రకారం నేరం. క్యాటలిటిక్ కన్వర్టరు తీసివేయడం దీని కిందికే వస్తుంది. కాలిఫోర్నియాలో కాలుష్యంపై ప్రభావం చూపే బయటి కంపెనీ విడిభాగాలకు అక్కడి వాయు వనరుల మండలి మినహాయింపు ఉత్తర్వు ఉండాలి.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. ఈ నిబంధనను 2019లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. ఇంజన్ నంబరు ఆర్.సి.లో నమోదై ఉంటుంది కాబట్టి, ఏ వాహనానికైనా ఇంజన్ మార్చేటప్పుడు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి పొంది, కొత్త నంబరు నమోదు చేయించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగినపుడు బీమా సొమ్ముకు ఇబ్బంది కలగవచ్చు.

9.9 సారాంశం

రోటరీ ఇంజన్‌కు బోరు కొట్టడం సాధ్యం కాదు. కాబట్టి దాని పునర్నిర్మాణంలో నాణ్యత, హౌసింగుల స్థితిపై ఆధారపడి ఉంటుంది. కొనే ముందు మూడు అరల కంప్రెషన్ పరీక్షతో ఇంజన్ స్థితిని, ఆపై పరిశీలనతో మూలకారణాన్ని తెలుసుకోవాలి. ఖర్చులో ఇంజన్ ధరతోపాటు డిపాజిట్, కూలి, మూలకారణాన్ని సరిచేసే భాగాలు కలపాలి. పరీక్ష, మూలకారణ నివారణ, కొనుగోలు, అమరిక, తొలి పరుగు, ఆ తరవాతే మార్పులు అన్నది సరైన క్రమం. ఈ క్రమం తప్పితే రెండో ఇంజన్ కూడా మొదటి దాని దారినే పోతుంది.

9.10 కీలక పదాలు

అపెక్స్ సీలు: రోటరు కొనలో అమర్చి, రెండు పక్క అరలను వేరుచేసే లోహపు పట్టీ.
ఎపిట్రోకాయిడ్: రోటరు హౌసింగు లోపలి గోడ ఆకృతి.
కోర్: పునర్నిర్మాణం కోసం తిరిగి ఇచ్చే పాత ఇంజన్.
నాకింగ్: ఇంధన మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా మండటం.
పోర్టింగ్: గాలి, పొగ రాకపోకల రంధ్రాల ఆకారాన్ని మార్చడం.
ప్రతిబరువు: తిరిగే భాగాల సమతూకం కోసం షాఫ్టుకు అమర్చే బరువు.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. 3 × 1.732 × 1.5 × 10.5 × 7.0 = 572.9, దాదాపు 573 సీసీ.
2. అపెక్స్ సీళ్లకు జిడ్డు అందించేందుకు పంపు కొద్దిగా ఆయిలును లోపలికి పంపుతుంది. అది ఇంధనంతో కలిసి కాలిపోతుంది.
3. ఒకే అర తక్కువగా ఉంది కాబట్టి ఆ ముఖానికి చెందిన సైడ్ సీలును లేదా కార్నర్ సీలును.
4. మూడు అరల్లో అత్యధిక ఒత్తిడిని మాత్రమే చూపిస్తుంది. పాడైన అర కనిపించదు.
5. వాల్వులు లేనందున రంధ్రం ఆకారమే తెరుచుకొనే, మూసుకొనే సమయాన్ని నిర్ణయిస్తుంది.
6. గ్యారంటీ పోతుంది, కర్మాగారంలో కట్టినందుకు చెల్లించిన కూలి వృథా అవుతుంది.

9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పిస్టన్ ఇంజన్ మరమ్మతుతో పోలుస్తూ రోటరీ ఇంజన్ పునర్నిర్మాణాన్ని వివరించండి.
2. పునర్నిర్మిత ఇంజన్ కొనుగోలులో పరిశీలించవలసిన అంశాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కంప్రెషన్ పరీక్ష ఫలితాన్ని బట్టి సీళ్ల లోపాన్ని ఎలా గుర్తిస్తారు?
2. కోర్ డిపాజిట్ అంటే ఏమిటి? అది తిరిగి రాకపోవడానికి కారణాలు ఏవి?
3. మీ ఊరిలోని ఒక మెకానిక్ షెడ్డుకు వెళ్లి, ఇటీవల అక్కడ మార్చిన ఏదైనా ఒక భాగం (స్టార్టరు, టర్బో, గేర్‌బాక్స్ వంటిది) ఎందుకు చెడిపోయిందో, ఆ కారణాన్ని సరిచేశారో లేదో తెలుసుకొని రాయండి.